నౌపడ నుంచి గుణుపూర్ దాకా: చిన్న రైలు పోయి పెద్ద రైలు వచ్చిన దారి

నౌపడ జంక్షన్‌లో దిగినవాళ్ళు చాలామంది టెక్కలి ఆటో కోసం బయటికి నడుస్తారు. ఒడిశాలోని గుణుపూర్‌కు పోయే బండి కోసం ప్లాట్‌ఫారం మీద ఆగేవాళ్ళు తక్కువ. హౌరా–చెన్నై మెయిన్ లైను మీద, పలాసకూ శ్రీకాకుళం రోడ్డుకూ నడుమ ఉంటుందీ స్టేషన్. ఊరి పేరు చెప్పగానే శ్రీకాకుళం జిల్లావాళ్ళకు ఉప్పు గుర్తొస్తుంది, రైళ్ళంటే ఇష్టమున్న మాకు మాత్రం చిన్న రైలు. 762 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మీద నడిచిన పర్లాకిమిడి లైట్ రైల్వే ఇక్కడే మొదలయ్యేది. ఇంజన్ల షెడ్డు కూడా ఇక్కడే ఉండేది. ఇప్పుడు అదే దారిలో 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ మీద గుణుపూర్ దాకా, దాదాపు 90 కిలోమీటర్లు వెళ్ళొచ్చు.

ఈ దారి చూడ్డానికే వెళ్ళేవాళ్ళకు విశాఖ–గుణుపూర్ ప్యాసింజరు మేలు. కిటికీ పక్కన సీటు కావాలంటే విశాఖలోనే ఎక్కాలి. మెయిన్ లైను మీద ఉన్నంతసేపు ఈ బండిని వెనక నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇవ్వడం కోసం లూప్‌లో, అంటే పక్క పట్టా మీద పెడతారు, ఆలస్యమంతా అక్కడే పోగవుతుంది. బ్రాంచి లైనులోకి తిరిగాక దాటిపోయే బండ్లు లేవు, ఎదురు బండి వస్తే క్రాసింగు కోసం ఆగడమే. చివరి స్టేషన్‌కు ముందు టైంటేబుల్లో మామూలుగానే కొన్ని నిమిషాలు అదనంగా వేస్తారు కాబట్టి నౌపడలో అరగంట లేటున్న బండి గుణుపూర్‌కు కాస్త సర్దుకుని చేరడం వింతేం కాదు. జనరల్ టికెట్ ఫోన్‌లో తీసుకునేవాళ్ళు స్టేషన్‌కు రాకముందే తీసుకోవాలి. పట్టాల దగ్గరికి వచ్చాక యాప్ ఇవ్వదు. వేళలు మారుతుంటాయి, ముందురోజు ఒకసారి చూసుకోవడం మంచిది.

సీటు ఎడమ వైపు పట్టుకోండి. పర్లాకిమిడి దాటాక వంశధార నది ఉండేది ఆ వైపే. కొండలు కావాలంటే కుడి వైపు.

లైను ఎందుకు పుట్టిందో మ్యాపు చూస్తే తెలిసిపోతుంది. మద్రాసు–కలకత్తా మెయిన్ లైను సముద్రాన్ని ఆనుకుని పోయింది. పర్లాకిమిడి జమీందారు రాజధాని దానికి 40 కిలోమీటర్లు లోపల మిగిలిపోయింది. 1898లో అనుమతి వచ్చింది, 1900లో నౌపడ–పర్లాకిమిడి లైను తెరిచారు. ఖర్చు 7 లక్షల రూపాయలు, అంటే కిలోమీటరుకు 17,500. అంత చవగ్గా అయిందంటే చిన్న గేజ్ వల్లనే. పట్టాల కింద సన్నని మట్టికట్ట, తేలికపాటి పట్టాలు, చిన్న వంతెనలు. పైగా గుట్ట అడ్డొస్తే తొలవక్కర్లేదు, చుట్టి పోవచ్చు. మన రైల్వే నిబంధనల్లో బ్రాడ్ గేజ్ వంపుకు కనీస వ్యాసార్ధం 175 మీటర్లు, న్యారో గేజ్‌కు 44 మీటర్లు చాలు. మొదట్లో నష్టాలే. 1910 తర్వాత కొద్దిగా లాభం కనబడింది, 1924–25 నాటికి అది పెరిగింది. ఆ ధైర్యంతోనే 1929, 1931లలో రెండు విడతలుగా గుణుపూర్ దాకా పొడిగించారు.

టెక్కలి బండికి బాగా జనం ఎక్కి దిగే ఊరు. రెవెన్యూ డివిజన్ కేంద్రమే అయినా మెయిన్ లైను దీన్ని తాకకుండా పోయింది. ఇక్కణ్ణుంచి పెద్దసాన, టెంబూరు మీదుగా పాతపట్నం వరకూ వరి పొలాలు, జీడితోటలు. కొత్త లైను పాతదాని ఒరవడినే పట్టుకుని వెళ్తుంది కానీ వంపులు సాపు చేశారు. అక్కడక్కడా పాత కట్ట ముక్క మెలి తిరిగి పొదల్లోకి పోతూ కనబడుతుంది. తెలియనివాళ్ళు దాన్ని చెరువు గట్టు అనుకుంటారు.

చిన్న రైలు ఆగిపోవడానికి దాని నిదానమే కారణమని అందరూ అంటారు. నిదానం నిజమే, కానీ అసలు దెబ్బ నౌపడలో తగిలింది. గుణుపూర్ నుంచి వచ్చిన బస్తా నౌపడలో చిన్న వ్యాగన్ నుంచి దించి, మోసుకెళ్ళి పెద్ద వ్యాగన్‌లోకి ఎక్కించాలి. కూలి ఖర్చు, చిరిగిన గోతాలు, తూకంలో తరుగు, పెద్ద వ్యాగన్ దొరికేదాకా షెడ్డులో ఎదురుచూపు. లారీ అయితే ఊళ్ళో ఎక్కించి విశాఖలో దించేస్తుంది. రోడ్లు బాగుపడిన కొద్దీ సరుకు అటు మళ్ళింది, మిగిలింది ప్రయాణికులు. 1990ల తొలినాళ్ళలో ఆవిరి ఇంజన్ల స్థానంలో జడ్‌డీఎం–5 డీజిల్ ఇంజన్లు తెచ్చారు. బొగ్గు, నీళ్ళ బాధ తప్పింది. నౌపడలో మార్పిడి బాధ మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంజన్ మార్చి గేజ్ మార్చకపోవడం జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టే.

2002లో గేజ్ మార్పిడికి శంకుస్థాపన చేశారు, 2004 జూన్ 9న చివరి చిన్న రైలు నడిచింది. బ్రాడ్ గేజ్ బండి పర్లాకిమిడికి 2010లో, గుణుపూర్‌కు 2011లో వచ్చింది. మధ్య ఏళ్ళలో ఈ దారంతా బస్సులదే. పట్టాలు కాస్త దూరం జరిపి వేస్తే సరిపోదా, ఇన్నేళ్ళెందుకు అని అడిగేవాళ్ళుంటారు. పాత లైనులో అలాగే వాడుకోదగ్గది దాదాపు ఏదీ ఉండదు. కట్ట వెడల్పు చాలదు. పాత కట్ట వాలు మీద ఊరికే మట్టి పోస్తే తొలి వానకే కొత్త మట్టి జారిపోతుంది. వాలును మెట్లు మెట్లుగా కోసి, పొరలు పొరలుగా పోసి, రోలర్‌తో తొక్కించాలి. తూములు, వంతెనలు ఇరుసుకు ఇరవై టన్నులు దాటిన బరువు మోయాలి కాబట్టి మళ్ళీ కట్టాలి. ప్లాట్‌ఫారాలు లేపాలి, లెవెల్ క్రాసింగుల దగ్గర రోడ్డు మట్టం మార్చాలి. ఇవన్నీ చేయాలంటే పాత పట్టాలు పీకాల్సిందే, కాబట్టి పని నడుస్తున్నన్నాళ్ళూ బండి నడవదు.

పాతపట్నంలో బండి ఆగినప్పుడు ప్లాట్‌ఫారం చివరికి నడిచి పట్టాలకేసి చూడండి. పట్టాల కింద అడ్డంగా పరిచిన కాంక్రీటు స్లీపరు ఒక్కొక్కటీ 2.75 మీటర్ల పొడవు, దగ్గర దగ్గర మూడు క్వింటాళ్ళ బరువు. 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కిలోమీటరుకు 1,660 పడతాయి. 90 కిలోమీటర్లకు లెక్కేస్తే లక్షన్నర. స్లీపరు మీద రబ్బరు ప్యాడ్, దాని మీద పట్టా. పట్టాకు రెండు పక్కలా లైనరు అనే చిన్న బిళ్ళ, ఆ లైనరును నొక్కి పట్టుకునే మెలి తిరిగిన స్ప్రింగు క్లిప్పు. స్లీపరుకు నాలుగు క్లిప్పులు. పట్టాలు చూసుకునే కీమేన్ రోజూ తనకు అప్పగించిన దూరం నడిచి, ఊడినదాన్ని సుత్తితో మళ్ళీ దిగ్గొడతాడు. క్లిప్పు తుప్పు పట్టి కన్నంలో బిగుసుకుంటే రాదు, పట్టా మార్చే రోజున అదో పెద్ద తలనొప్పి. సముద్రం గాలి తగిలే నౌపడ వైపు ఈ బెడద ఎక్కువుండే అవకాశం ఉంది, గ్రీజు పెట్టడం మానకూడదు.

పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య మహేంద్రతనయ నది. రెండు ఊళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, రాష్ట్రాలు మాత్రం వేరు. ఇంతవరకు బోర్డుల మీద కనబడిన తెలుగు పోయి ఒడియా వస్తుంది. బండిలో మాటలు మాత్రం మారవు, పర్లాకిమిడి బజారులో తెలుగుతో పని జరిగిపోతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. గిడుగు రామమూర్తి పంతులు ఇక్కడే పాఠాలు చెప్పారు, సవర భాష మీద పని చేసింది ఇక్కడుండగానే. ఊరు ఒడిశాలోకి వెళ్ళినప్పుడు ఆయన రాజమండ్రికి తరలిపోయారు. ఒక పూట ఇక్కడ ఆగితే గజపతుల కోట, కొమ్ముతో బొమ్మలు చెక్కే పనివాళ్ళు చూడదగ్గవి.

ఇక్కణ్ణుంచి గుణుపూర్ దాకానే అసలైన ప్రయాణం. కాశీనగర్ వైపు వంశధార లోయలోకి దిగుతాం. లోయ వెడల్పుగా, పొలాలతో నిండుగా ఉంటుంది. కుడివైపు కొండలు దగ్గరికి వచ్చి దూరం జరుగుతుంటాయి. కొండల్లో వాన పడితే నీళ్ళు లోయలోకి ఒక్కసారిగా దిగుతాయి. 1980 సెప్టెంబరు వరద గుణుపూర్‌ను ముంచింది. అందుకే ఇటువంటి చోట కట్ట ఎత్తు కన్నా తూముల లెక్క ముఖ్యం. నీటికి దారి చాలకపోతే కట్టే ఆనకట్టగా మారి, పైవైపు నీళ్ళు ఎగదన్ని, చివరికి కంకరతో సహా కోసుకుపోతుంది. వానాకాలంలో డ్రైవరుకు కాషన్ ఆర్డరు (వేగం తగ్గించమనే రాతపూర్వక ఆదేశం) ఇచ్చి బండిని పాక్కుంటూ నడిపించేది ఇందుకే. ఆగస్టు, సెప్టెంబరుల్లో వస్తే పచ్చదనం ఎక్కువ, వేళ మీద నమ్మకం తక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నివిధాలా అనుకూలం.

గేజ్ మారాక ఎవరికి లాభం కలిగిందో బండిలోనే కనబడుతుంది. గుణుపూర్‌లో ఎక్కినవాళ్ళు విశాఖ ఆసుపత్రులకూ కాలేజీలకూ బండి మారకుండా వెళ్ళిపోతున్నారు. పూరీకి నేరుగా బండి ఉంది, రూర్కెలాకు రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ ఉంది. మధ్యలో చిన్న ఊళ్ళవాళ్ళకు అంత సుఖం లేదు. నాలుగైదు గంటల తేడాతో ఒక్కో బండి వస్తే, పక్క ఊరి సంతకు పోయేవాడు దానికోసం కూర్చోడు, షేర్ ఆటో ఎక్కుతాడు. లైను మళ్ళీ బతికిందన్నది నిజం, అయితే దూరం పోయేవాళ్ళ కోసం బతికింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నౌపడ–గుణుపూర్ మధ్యే తిరిగే చిన్న మెమూ (కరెంటుతో నడిచే లోకల్ బండి) వేస్తే ఈ మధ్య స్టేషన్లు నిండుతాయని మా అంచనా.

గుణుపూర్ దగ్గర పట్టాలు ఆగిపోతాయి. ఇక్కణ్ణుంచి తెరుబలి దాకా 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. అదే జాబితాలో మల్కన్‌గిరి–పాండురంగాపురం లైను కూడా ఉంది. తెరుబలి విజయనగరం–రాయ్‌పూర్ లైను మీద ఉన్న స్టేషన్. అది కలిస్తే కొండల వైపు సరుకు విజయనగరం చుట్టి రాకుండా నౌపడ మీదుగా తీరానికి దిగుతుంది. ఈ లైనుకు సరుకు రవాణా మళ్ళీ దక్కాలంటే ఆ దారే ఉంది.

అప్పటిదాకా వచ్చిన దారినే వెనక్కి పోవడం ఇష్టం లేనివాళ్ళు గుణుపూర్‌లో రాయగడ బస్సు ఎక్కొచ్చు. ఘాట్ రోడ్డు ప్రయాణం, పగటి పూటే పెట్టుకోండి. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖకు బండ్లు బాగానే ఉన్నాయి.