ముల్లు సున్నాకి వచ్చే క్షణం

నాన్నగారి పాత బుల్లెట్ 350కి ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్‌లో నిప్పురవ్వ పడే క్షణం, ఈసారి నా చేత్తో నేనే సెట్ చేశాను. ఇంగ్లాండులోని రెడిచ్‌లో పుట్టి, 1955లో మద్రాసుకి వచ్చిన ఇంజిన్ అది.

పాయింట్లంటే కరెంటుని కలిపి విడదీసే చిన్న స్విచ్; అవి విడిపోగానే ప్లగ్‌లో నిప్పురవ్వ పడుతుంది. ముందు వాటి గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టుకోవాలి. గ్యాప్ మారితే టైమింగూ మారిపోతుంది. తర్వాత ప్లగ్ తీసి, టాప్ గేర్‌లో వెనక చక్రం తిప్పుతూ పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్‌లో (పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కే దశలో) పైకి తెచ్చాను. వాల్వుల్ని తెరిచే రెండు పుష్‌రాడ్లూ వేళ్లకి తేలిగ్గా తిరిగితే వాల్వులు మూసుకున్నట్టే. పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవాలి.

నాకు ఎంతో ఇష్టమైన పని ఇక్కడే మొదలవుతుంది. కీ ఆన్ చేసి, స్క్రూలు వదులు చేసి, పాయింట్ల ప్లేటుని వెంట్రుకవాసి జరుపుతూ హెడ్‌లైట్ పైనున్న ఆంపియర్ మీటర్‌నే చూస్తూ కూర్చున్నాను. మైనస్ వైపు వాలి ఉన్న ముల్లు, పాయింట్లు విడిపోగానే టక్కున సున్నాకి వచ్చింది. ఒళ్లు పులకరించింది! బండిలోనే ఇంత మంచి పరికరం పెట్టినవాళ్లకి దండం పెట్టాలి.

టైమింగ్ మరీ ముందుకి జరిగితే కిక్ రాడ్ ఎదురు తంతుంది, కాలు జాగ్రత్త. వెనక్కి పోతే ఇంజిన్ వేడెక్కుతుంది, బండి లాగదు.

ఇప్పుడు ఒక్క కిక్‌కే అందుకుంటోంది. ఆ డుగ్ డుగ్ వినాలనుంటే సాయంత్రం ఇంటికి రండి.