కడప నుంచి సముద్రం లోపలికి: విశాఖలో మా తొలి స్కూబా డైవింగ్

సముద్రం లేని జిల్లాలో పుట్టినవాళ్లకు నీళ్లతో ఉండే పరిచయం వేరు. మా కడపలో నీళ్లంటే ఏడాదిలో చాలా నెలలు ఇసుక మేటలతో కనిపించే పెన్న, వానలు ముదిరినప్పుడు ఊరి మధ్య నుంచి పొంగిపారే బుగ్గవంక. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలను వరద ముంచెత్తాక, మా ఇంట్లో ఆ పరిచయంలో భయం పాలు మరింత పెరిగింది. అందువల్ల సంక్రాంతి సెలవుల్లో విశాఖపట్నం వెళ్లి, వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రంలోకి దిగే స్కూబా డైవింగ్ చేస్తామని చెప్పినప్పుడు, మా అత్త “సముద్రంతో ఏం ఆటలు తల్లీ, ఒడ్డున కూచ్చోని చూసి రాండి” అనడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి కూడా ఆమె గుర్తుచేశారు. ఆమె భయాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ భయంలోని ప్రతి ప్రశ్నకూ సమాధానం వెతుక్కుంటూ వెళ్లడమే మా ప్రయాణానికి తయారీ అయింది.

మొదటి పని ఈత నేర్చుకోవడం. మా పల్లెల్లో మగపిల్లలు నడుముకు బెండ్లు కట్టుకొని వ్యవసాయ బావుల్లో దూకి ఈత నేర్చుకొనేవారు. ఆడపిల్లలం గట్టు మీద నిలబడి చూసేవాళ్లం. ఆ లోటు నలభై దాటాక తీర్చుకోవలసి వచ్చింది. అనుభవం కోసం ఒక్కసారి చేసే స్కూబా డైవింగ్‌కు ఈత రావలసిన అవసరం లేదని నిర్వాహకులు చెబుతారు, నిబంధనల ప్రకారం అది నిజమే. శిక్షకుడు మన వెన్నంటే ఉంటాడు, తేలే జాకెట్టును కూడా అతనే అదుపు చేస్తాడు. అయినా ఈత రాకుండా సముద్రంలో దిగకూడదని నేను గట్టిగా అనుకున్నాను. నీళ్లు ముక్కుకు తగలగానే ఊపిరి బిగబట్టి, తల పైకెత్తి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం నీళ్లకు అలవాటు పడనివాళ్ల సహజ స్పందన, స్కూబాలో ప్రమాదం తెచ్చిపెట్టేదీ అదే. కడపలోని ఈత కొలనులో కొన్ని నెలల పాటు నేనూ, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయీ నేర్చుకొన్న వాటిలో చేతులు ఆడించడం కన్నా ముఖ్యమైనవి రెండు: ముఖం నీళ్లలో ఉంచి నోటితో నెమ్మదిగా గాలి వదలడం, వెల్లకిలా పడుకొని ఏమీ చేయకుండా తేలడం. ఆ రెండూ వచ్చిన రోజు నీళ్ల మీద కోపం, భయం రెండూ తగ్గాయి.

రెండో ప్రశ్న ఎప్పుడు వెళ్లాలన్నది. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఎగసిపడి, నీరు మట్టితో కలిసి మసకబారుతుంది. డిసెంబరు చివరి నుంచి మార్చి వరకు సముద్రం కొంత నెమ్మదిగా ఉంటుంది కాబట్టి మాకు సంక్రాంతి సెలవులు కలిసివచ్చాయి. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ తీరప్రాంతాలకు అలల ఎత్తు, గాలి వేగం ముందుగా ప్రకటిస్తుంది. మత్స్యకారుల కోసం ఉద్దేశించిన ఆ సూచనలు పర్యాటకులకూ అంతే పనికివస్తాయి. విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఆ వారమంతా వాటిని చూసి మాకు చెబుతూ వచ్చాడు.

నిర్వాహకులను ఎంచుకొనే పని కూడా తమ్ముడికే అప్పగించాను, కానీ అడగవలసిన ప్రశ్నలు నేనే రాసి పంపాను. శిక్షకుడికి అంతర్జాతీయ డైవింగ్ శిక్షణ సంస్థలైన ప్యాడీ గాని ఎస్‌ఎస్‌ఐ గాని ఇచ్చిన అర్హత పత్రం ఉందా, ఒక్కొక్క శిక్షకుడి వెంట ఎంతమందిని దింపుతారు, బోటులో అత్యవసర ఆక్సిజన్ ఉందా, బోటు నడిపేవారు గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ వంటి చోట శిక్షణ పొందారా, ఆరోగ్య వివరాల పత్రం ముందుగా పంపుతారా అన్నవి ఆ ప్రశ్నలు. ఒకచోట “ఆ పత్రాలేమీ ఉండవండీ, వచ్చి డబ్బు కట్టి దిగడమే” అన్నారట. ఆ మాట వినగానే వారిని వదిలేశాం. ధర తక్కువైనా, ఫొటోలు ఉచితమైనా, ఆరోగ్యం గురించి అడగనివారి వెంట నీళ్ల కిందికి వెళ్లవద్దని నేను ఎవరికైనా చెబుతాను.

ఆ ఆరోగ్య పత్రం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ప్రయాణంలో అసలైన నిర్ణయం అక్కడే జరిగింది. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి లేదా సైనస్ శస్త్రచికిత్సలు, మధుమేహం, గర్భం, వాడుతున్న మందులు, వయసు 45 దాటిందా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. దేనికైనా అవునని రాస్తే, చాలా సందర్భాల్లో వైద్యుడి సంతకం కావాలి. మా వారికి చిన్నప్పుడు పిల్లికూతలు ఉండేవి, ఇప్పటికీ చలికాలంలో అప్పుడప్పుడూ ఆయాసం వస్తుంది. కడపలో ఊపిరితిత్తుల వైద్యుడి దగ్గర పరీక్షలు చేయించుకోగా, ఆయన ఓపిగ్గా కారణం వివరించి సంతకం చేయడానికి అంగీకరించలేదు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే 10 మీటర్ల దగ్గర మనం పీల్చే గాలి ఉపరితలంతో పోలిస్తే రెట్టింపు పీడనంలో ఉంటుంది. పైకి వస్తున్నకొద్దీ ఆ గాలి వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు మూసుకుపోయి ఆ గాలి బయటికి రాలేకపోతే కణజాలం చిట్లి, గాలి బుడగలు రక్తంలోకి చేరవచ్చు. ఊపిరి బిగబట్టినవాళ్లకు జరిగేదీ ఇదే. మా వారు నిరాశపడ్డారు, కానీ వాదించలేదు. డైవింగ్ ఆయన మానుకొన్నారే తప్ప సముద్రాన్ని మానుకోలేదు. మిగిలిన ఆటలన్నీ ఆయనే ముందుండి ఆడారు.

రాత్రంతా రైల్లో ప్రయాణించి విశాఖలో దిగిన రోజు ఋషికొండ తీరానికి వెళ్లాం. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపును 2020లో పొందిన తీరం అది. అక్కడ తమ్ముడు మాకు మొదట చూపించింది ఆటలు కాదు, అలల మధ్య ఖాళీని. రెండు వైపులా అలలు విరిగి నురగలు కక్కుతుంటే మధ్యలో ఒకచోట నీరు నునుపుగా, కాస్త ముదురు రంగులో ఉంది. “అక్కా, అక్కడ నెమ్మదిగా ఉందని అందరూ దిగుతారు, లోపలికి లాగేది అదే” అన్నాడు. ఒడ్డుకు చేరిన నీరు తిరిగి సముద్రంలోకి పోయే దారి అది. అందులో చిక్కుకొన్నవారు ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ ప్రవాహం నుంచి తప్పుకొని, ఆ తరువాత అలలతోపాటు ఒడ్డుకు రావాలి, ఈదలేకపోతే తేలుతూ చెయ్యెత్తి సాయం కోరాలి. విశాఖ తీరంలో ప్రాణాలు పోతున్నది ఎక్కువగా ఖర్చుపెట్టి ఆడే ఆటల్లో కాదు, ఇలా లైఫ్ జాకెట్టు లేకుండా సరదాగా స్నానానికి దిగినప్పుడే అన్నది నా అభిప్రాయం.

ఆ రోజు తెడ్డుతో నడిపే చిన్న పడవ కయాక్, నీటి మీద బైకులా నడిపే జెట్‌స్కీ వంటివి చేశాం. కయాకింగ్ మాకు పూర్తిగా కొత్త కాదు. మా జిల్లాలోని గండికోట జలాశయంలో తెడ్డు వేసిన అలవాటు ఉంది. అలల మీద మాత్రం పడవ ముక్కు అలకు ఎదురుగా ఉంచడం తెలియాలి, అడ్డంగా తిరిగితే తిరగబడుతుంది. జెట్‌స్కీ గురించి అందరూ తెలుసుకోవలసిన విషయాలు రెండు ఉన్నాయి. ఒకటి, నడిపేవారి మణికట్టుకో జాకెట్టుకో తగిలించే తాడు. మనిషి పడిపోతే అది ఊడి ఇంజను ఆగిపోతుంది. రెండోది, వెనక నుంచి చిమ్మే నీటి ధారతోనే అది మలుపు తిరుగుతుంది కాబట్టి, భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే హ్యాండిల్ ఎంత తిప్పినా అది తిన్నగానే పోతుంది. మా వారికి శిక్షకుడు ఈ సంగతి ఖాళీ నీటిలో చేయించి చూపించాకే వేగం పెంచనిచ్చాడు.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. చున్నీ, చీర, వదులు దుస్తులు ఏ బోటులోనూ వద్దు. తడిసిన బట్ట బరువై కాళ్లకు చుట్టుకుంటుంది, యంత్రంలో చిక్కుకొనే ప్రమాదమూ ఉంది. ఒంటికి పట్టి ఉండే పొడవు చేతుల దుస్తులు ఎండ నుంచీ కాపాడుతాయి. నేను నల్లపూసలు, ఉంగరాలు, గాజులు అన్నీ తీసి తమ్ముడి ఇంట్లోనే పెట్టి వచ్చాను. తాళి తీయడానికి ఇష్టపడనివాళ్లు దాన్ని పసుపుతాడుతో దుస్తుల లోపల బిగువుగా ఉండేలా కట్టుకోవచ్చు. లైఫ్ జాకెట్టు వేసుకొన్నాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడాలి. అది గడ్డం దాకా వచ్చిందంటే నీళ్లలో తల మీదుగా ఊడిపోతుందని అర్థం.

డైవింగ్ రోజు ఉదయం ఇడ్లీలతో సరిపెట్టుకొన్నాం. మాతో దిగవలసిన తమ్ముడికి జలుబు చేసింది. మాత్ర వేసుకొని వస్తానన్నాడు గాని శిక్షకుడు ఒప్పుకోలేదు. జలుబుతో గొంతుకూ చెవికీ మధ్యనున్న గొట్టం మూసుకుపోతే చెవిలో పీడనం సమం కాదు. మాత్ర ప్రభావం నీటి అడుగున ఉండగా తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు ఇబ్బంది ఇంకా ఎక్కువ. తమ్ముడు బోటులోనే ఉండిపోయాడు.

ముందుగా లోతు లేని నీటిలో సాధన చేయించారు. సిలిండరులోని గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌తో ఊపిరి తీసుకోవడం, అది జారిపోతే మళ్లీ పెట్టుకొని అందులోని నీళ్లు ఊది వెళ్లగొట్టడం, ముఖానికి పెట్టుకొన్న మాస్కులోకి నీళ్లు వస్తే ముక్కుతో గాలి వదిలి తోసివేయడం, చెవులు బిగిసినప్పుడు ముక్కు మూసి నెమ్మదిగా ఊదడం వచ్చాకే లోతుకు తీసుకువెళ్తారు. బొటనవేలు పైకి ఎత్తితే బాగుందని కాదు, పైకి పోదామని అర్థం. బాగున్నామని చెప్పడానికి చూపుడువేలు, బొటనవేలు కలిపి సున్నాలా చూపాలి. ఈ సంజ్ఞలు మా అమ్మాయి, నేను ఒకరికొకరం చూపించుకొని మరీ గట్టి చేసుకొన్నాం.

దిగడం మొదలుపెట్టాక తొలి మీటర్లలోనే చెవులు బిగిశాయి. నొప్పి వచ్చే దాకా ఆగకుండా, ప్రతి మీటరుకూ ముక్కు మూసి ఊదుతూ, సర్దుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తూ వెళ్లాం. ఇటువంటి తొలి డైవింగ్‌కు గరిష్ఠ పరిమితి 12 మీటర్లు. మమ్మల్ని 8 మీటర్ల దగ్గరే ఆపారు. అక్కడ నాకు మొదట తెలిసింది నా ఊపిరి చప్పుడు. పీల్చినప్పుడు సన్నని ఈల, వదిలినప్పుడు బుడగల గలగల. నీటిలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లు వేగంగా పోతుంది కాబట్టి ఏ చప్పుడు ఏ వైపు నుంచి వస్తున్నదో తెలియదు. బోటు ఇంజను నా చుట్టూ ఉన్నట్టే వినిపించింది. మా అమ్మాయి కట్టుకొన్న ఎర్రటి చేతిపట్టీ గోధుమ రంగుకు మారిపోయింది, ఎందుకంటే నీరు ఎరుపు కాంతిని అన్నిటికన్నా ముందు మింగేస్తుంది. రాళ్ల సందుల్లో ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు, చారల చేపల గుంపులు కనిపించాయి. మాస్కు అద్దం గుండా అన్నీ మూడో వంతు పెద్దగా, ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తాయి. అందనిదాన్ని అందుకోబోయి చేయి చాచానని తరువాత తెలిసింది. అండమాన్ నీళ్లంత తేటగా బంగాళాఖాతపు ఈ తీరం ఉండదు, పచ్చని మసక ఎప్పుడూ ఉంటుంది. అయినా ఎవరూ చెప్పకుండానే నా ఊపిరి నిదానించింది. నిదానంగా ఊపిరి తీసుకొనేవారికి సిలిండరులోని గాలి ఎక్కువసేపు వస్తుందని శిక్షకుడు చెప్పిన మాట అప్పుడు ఒంటికి అర్థమైంది. పైకి వచ్చేటప్పుడు మన బుడగలకన్నా వేగంగా పోకూడదన్న నియమాన్ని పాటిస్తూ, ఊపిరి వదులుతూ, ఆగుతూ వచ్చాం.

విశాఖ వచ్చేవారిలో చాలామంది మరునాడే అరకు బయలుదేరుతారు. డైవింగ్ చేసినవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒత్తిడిలో పీల్చిన నత్రజని కొంత శరీరంలో కరిగి ఉంటుంది. వెంటనే ఎత్తుకు వెళ్తే అది బుడగలుగా మారవచ్చు. ఒక్కసారి డైవింగ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికన్నా ఎక్కువసార్లు చేస్తే 18 గంటలు విమానం ఎక్కవద్దని డైవింగ్ భద్రతా సంస్థలు చెబుతాయి; సుమారు 600 మీటర్లు దాటిన కొండ ప్రాంతాలకూ ఆ జాగ్రత్తే వర్తిస్తుంది. అరకు దారిలోని బొర్రా గుహలే 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి, అరకు మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలోని శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. అందుకని మరునాడు నగరంలోనే ఉండి, ఆర్కే బీచ్‌లోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియం చూసి, ఆ మరుసటి రోజే అరకు రైలు ఎక్కాం.

ఇంటికి వచ్చాక వీడియో చూసిన మా అత్త, మనవరాలి నోటి నుంచి వస్తున్న బుడగలు చూపిస్తూ, ఊపిరి ఎట్లా ఆడిందని పదే పదే అడిగారు. ఇప్పుడు మా అమ్మాయి 18 మీటర్ల వరకు అనుమతి ఇచ్చే ఓపెన్ వాటర్ కోర్సు చేస్తానంటోంది. దానికి 200 మీటర్లు ఆగకుండా ఈదడం, 10 నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా తేలడం రావాలి. తేలడం ఆమెకు వచ్చింది, 200 మీటర్లకు ఇంకా ఊపిరి చాలడం లేదు. ఇద్దరం కొలనులో సాయంత్రపు బ్యాచ్‌లో మళ్లీ చేరాం.