దుకాణం డాబా మీద సోలార్: లెక్క కరెంటు బిల్లుతో మొదలవ్వాలి

హనుమకొండలో మా బావగారికి బట్టల దుకాణం ఉంది. డాబా మీద సోలార్ పెట్టిద్దామని ఆయన ఒక కొటేషన్ తెప్పించి, చిన్న వ్యాపారుల లెక్కలు చూసే నా చేతికిచ్చారు. 30 కిలోవాట్లు, 15 లక్షలు, మూడున్నరేళ్లలో అసలు చేతికొస్తుందని అందులో ఉంది. డాబా కొలిచి వేసిన లెక్కే తప్ప, దుకాణం వాడకం గురించి అందులో ఒక్క ముక్క లేదు.

పన్నెండు నెలల కరెంటు బిల్లులు తెప్పించి చూశాను. ఏసీలు ఆగకుండా నడిచే మే నెలలో 3,500 యూనిట్లు, డిసెంబరులో 1,500 యూనిట్లు. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి కాబట్టి 30 కిలోవాట్లంటే నెలకు 3,600 యూనిట్లు. అంటే మే నెల వాడకానికీ సరిపోతుంది, మిగతా ఏడాదంతా మిగులే. నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు, అంటే కరెంటు సంస్థ లైన్లకు, మనం పంపిన యూనిట్లను మన వాడకంలోంచి తీసేసే పద్ధతి) ఉంటే పగటి మిగులు సాయంత్రపు వాడకంలో సర్దుబాటవుతుంది గానీ, అంతకు మించి గ్రిడ్‌కు పోయిన దానికి వచ్చే ధర మనం కట్టే కమర్షియల్ రేటుకు దరిదాపుల్లో ఉండదు. సోలార్ ముందుగా తగ్గించేది యూనిట్‌కు పది రూపాయలు దాటే పై స్లాబును. అక్కడే అసలైన ఆదా. ఫిక్స్‌డ్ ఛార్జీలు మాత్రం ఎప్పటిలాగే కట్టాలి.

మెట్ల గది నీడ మధ్యాహ్నం మూడు దాటాక తూర్పు వైపు పరుచుకోవడం నేను స్వయంగా డాబా ఎక్కి చూశాను. వరుసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస ఉత్పత్తి తగ్గుతుంది. ఆ మేర వదిలేసి, 9 లక్షలతో 18 కిలోవాట్లకు ఖాయం చేశాం. ఏడాదికి సుమారు 26,000 యూనిట్లు, రెండున్నర లక్షల రూపాయల ఆదా. ప్యానెళ్లు కడిగే ఖర్చు, పదేళ్ల తర్వాత ఇన్వర్టర్ మార్చే ఖర్చు పక్కన పెట్టుకున్నా నాలుగేళ్ల చిల్లరలో పెట్టుబడి తిరిగి వస్తుంది.

ఇళ్లకు పీఎం సూర్యఘర్ కింద వచ్చే సబ్సిడీ దుకాణాలకు లేదు. దానికి బదులు ఆదాయపు పన్నులో 40 శాతం తరుగుదల (పరికరాల విలువలో ఏటా కొంత భాగాన్ని ఖర్చుగా రాసుకునే వీలు) ఉంది: మొదటి ఏడాది 3,60,000 రూపాయలు ఖర్చు కింద చూపవచ్చు. అయితే ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే వస్తుంది. మార్చిలో హడావిడిగా బిగించే వ్యాపారులను చూసి నాకు బాధ కలిగేది అందుకే. బావగారితో దసరా అమ్మకాల రద్దీ మొదలవకముందే, సెప్టెంబరు రెండో వారంలో స్విచ్ వేయించాను.