సీసాలు వెతకడం మానేశాక

మా అత్తది నెల్లూరు జిల్లా కలిగిరి పక్కన చిన్న పల్లె. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించినప్పుడు వీళ్ల ఊళ్లోనూ చీపుర్లు లేచాయి. ఆ గుంపులో ఆమె ముందుండేదట. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అదీ సడలింది. అంగడి మూయించిన మనిషి కన్నకొడుకు తాగుడు మాత్రం ఆపలేకపోయింది. ఇక నేనెంత?

మా ఆయనది పొదలకూరులో నిమ్మకాయల వ్యాపారం. మొదట్లో కాటా అయ్యాకే తాగేవాడు. రానురాను పొద్దున్నే ఒక గుక్క పడితే గానీ చేతుల వణుకు ఆగేది కాదు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం లుంగీ మీదే. నా పని సీసాలు వెతకడం: బియ్యం డబ్బా, బండి డిక్కీ, మోటారు షెడ్డు. రైతులు డబ్బుల కోసం ఫోన్ చేస్తే జ్వరమని చెప్పేదాన్ని. మొక్కులు, పిల్ల మీద ఒట్లు, నాటుమందు అన్నీ అయ్యాయి. చివరికి నాకు బీపీ వచ్చింది.

ఒకసారి పంతం పట్టి ఉన్నట్టుండి మానేశాడు. మూడో రోజు రాత్రి దుప్పటి మీద చీమలంటూ దులుపుతూనే ఉన్నాడు. చనిపోయిన మామతో మాట్లాడాడు. నెల్లూరు తీసుకెళ్లి చేర్పించాం. విటమిన్ బీ1 ఇంజెక్షన్లు, వణుక్కి మాత్రలు. ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఇంట్లో ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఎవరింట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే డాక్టరుకు చూపించే మాన్పించండి.

ఆమే ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే మీటింగుకు పొమ్మంది. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు, అందులో ఒకాయన డాక్టరే, ఒకరికొకరు తోడై మొదలుపెట్టింది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. కొన్ని వారాలు మూల కుర్చీలో కూర్చున్నాక ఈయన లేచి, "మందు ముందు నా శక్తి చాలదు, నా బతుకు నా చేతుల్లో లేదు" అన్నాడట. "తల్చుకుంటే రేపే మానేస్తా" అని ఇన్నేళ్లూ నాతో అన్న మనిషి!

నా వంతే కష్టమైంది. ఇంట్లోవాళ్ల కోసం ఆల్-అనాన్ అని వేరే ఉంది. అక్కడో పెద్దామె, "ఆయన తాగుడు నీ వల్ల రాలేదమ్మా, నీ అదుపులో ఉండదు, నువ్వు నయం చేయలేవు" అంటే ఒళ్లు మండింది. మరి నేను పారబోసిన సీసాలన్నీ? ఆయన మీటింగులో అన్న "నా శక్తి చాలదు" అనే మాట నా నోట రావడానికి నెలలు పట్టింది. వచ్చాక, రైతు ఫోన్ చేస్తే ఆయన చేతికే ఇచ్చేశాను. డిక్కీ తెరవడం మానేశాను. మధ్యలో ఒక పెళ్లిలో తాగొచ్చాడు. నేను అరవలేదు, పిల్లను తీసుకుని పక్క గదిలో పడుకున్నా. తెల్లారి, మీటింగులో ముందే మానేసి తనకు తోడు నిలిచే మనిషికి, అంటే తన స్పాన్సర్‌కి తనే ఫోన్ చేసుకున్నాడు. ఆ తర్వాత ముట్టలేదు. నాకు నిద్ర పడుతోంది.

అత్తకిదంతా నామోషీ. ఆస్పత్రి సంగతి ఎవరడిగినా కామెర్లని చెబుతుంది.

"కామెర్లు కాదమ్మా, తాగుడు" అంటాడు ఈయన లోపల్నుంచి.

"నువ్వు నోర్మూసుకోరా" అంటుందామె.