గుణదల కొండ నుంచి గుంటూరు జోసెఫ్ ఆసుపత్రి దాకా

గుణదల తిరునాళ్లకు వెళ్లేవాళ్లు చేసే పనులన్నీ మేమూ చేశాం. తెల్లారకముందే కృష్ణలో మునిగాం. కొండ కింద కొబ్బరికాయ కొట్టి, కొవ్వొత్తుల కట్ట చేత్తో పట్టుకొని మెట్ల దగ్గర వరుసలో నిలబడ్డాం. మా ముందు గుండు గీయించుకున్న కుటుంబం ఒకటి, వెనక బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు నలుగురు. గుణదలలో ఎవరు ఏ మతమని ఎవరూ అడగరు. బెజవాడ వాళ్లకి ఇంద్రకీలాద్రి మీద ఒక అమ్మ, గుణదల కొండ మీద ఇంకో అమ్మ, మరియమ్మ. మొక్కు ఎవరికి మొక్కితే వాళ్లకి తీర్చుకుంటారు, అంతే.

ఎనభై దగ్గర పడుతున్న మా అత్తయ్య మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కింది. నేను వద్దన్నాను, మా ఆయన ఫోన్‌లో వద్దన్నాడు. "మోకాళ్ల కోసం మొక్కుకొని మోకాళ్లు నొప్పని ఎక్కకపోతే ఎట్టా?" అంది. ఆ మాటకి జవాబు లేదు.

పండుగ ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. చివరి రోజు లూర్దుమాత పండుగ. 1993 నుంచి శ్రీసభ, అంటే కథోలిక చర్చి, అదే రోజును ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా కూడా పాటిస్తోంది. కాబట్టి ఆ రోజు పూజలో ప్రార్థనలన్నీ రోగాల చుట్టూనే తిరిగాయి: పక్షవాతం, కేన్సరు, బిడ్డలు లేకపోవడం, తాగుడు. గుహలో మాత ముందు నిలబడి జనం కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే నాకు గొంతు పట్టేసింది. మైకులో మాత్రం తప్పిపోయిన పిల్లల పేర్లు ఆగకుండా చదువుతూనే ఉన్నారు.

కిందికి దిగాక అందరూ ఇంటిదారి పడతారు. మేం మర్నాడు గుంటూరు బస్సెక్కాం. ఎందుకంటే అత్తయ్య పుట్టింది గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిలో, వాళ్లమ్మ చెప్పిన మాట ప్రకారం "తెల్ల మదరమ్మ" చేతుల్లో. తెనాలి పక్క పల్లె నుంచి ఎడ్లబండి మీద తీసుకొచ్చారట, బిడ్డ అడ్డం తిరిగిందని. ఆ మదరమ్మ పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. గుణదల మాత పటం లేని గది మా ఇంట్లో ఉండదు, ఈమె పటం మాత్రం ఒక్కటీ లేదు. నాకు ఇది చాలాకాలంగా మనసులో ఉంది, అందుకే పట్టుబట్టి తీసుకెళ్లాను.

ఆమె పేరు మేరీ గ్లోరీ. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1887లో పుట్టింది. 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరై బయటికొచ్చింది. ఆడవాళ్లు మెడిసిన్ చదవడమే వింతగా చూసే రోజులు. కంటి వైద్యంలో మంచి పేరొచ్చింది, మెల్బోర్న్ కాలిన్స్ స్ట్రీట్‌లో సొంత ప్రాక్టీసు పెట్టింది. 1916లో అక్కడి కథోలిక స్త్రీల సంఘానికి మొదటి అధ్యక్షురాలు కూడా అయింది. ఇక జీవితానికి లోటేమిటి?

1915లో ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం దొరికింది. ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ గురించి అందులో ఉంది. పరదాలో ఉండే మన దేశపు స్త్రీలు మగ డాక్టరుకి నాడి కూడా చూపించుకోలేక, కాన్పుల్లో చచ్చిపోతున్నారని చూసి, ఆ మెక్‌లారెన్ రావల్పిండిలో ఆసుపత్రి పెట్టించింది. కానీ ఆడవాళ్లకి ఆడ డాక్టర్లు కావాలి, అదీ ఇక్కడే ఉండిపోయేవాళ్లు కావాలి. కన్యాస్త్రీలయితే ఉండిపోతారు. వాళ్లు వైద్యం చేయడానికి మాత్రం శ్రీసభ చట్టం ఒప్పుకోదు, కాన్పులు పోయడానికి అసలే ఒప్పుకోదు. మెక్‌లారెన్ రోముకి విన్నపాలు చేసుకుంటూనే 1913లో కన్నుమూసింది. ఆ పుస్తకం చదివిన మేరీ గ్లోరీ తన పని ఇదేనని నిశ్చయించుకుంది. మొదటి ప్రపంచయుద్ధం అడ్డం రావడంతో వెంటనే కదలలేకపోయింది. ఖాళీగా కూర్చోలేదు, 1919లో ఎం.డి. పూర్తిచేసింది: కాన్పులు, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యం. ఎక్కడికి వెళ్తుందో తెలిసినట్టే ఎంచుకుంది.

ఇదంతా బస్సులో అత్తయ్యకి చెబుతూ వచ్చాను. వారధి దాటుతుంటే కుడివైపు ప్రకాశం బ్యారేజి కనిపించింది. మంగళగిరి కొండ రాగానే అలవాటుగా పక్క సీటావిడ పానకాల స్వామికి దణ్ణం పెట్టింది, అత్తయ్య కూడా పెట్టింది. నేను చూసి నవ్వితే "ఊరికే చేతులు లేచినయ్యి" అంది. గుంటూరు పొలిమేరల్లోనే మిరప ఘాటు మొదలైంది, ఫిబ్రవరి కదా, యార్డుకి పంట వస్తుంటుంది. బస్సంతా తుమ్ములు.

మేరీ గ్లోరీ గుంటూరులో దిగింది 1920 ఫిబ్రవరి 12న. సరిగ్గా మేం దిగిన తేదీయే. ఇది నేను లెక్క వేసుకొని పెట్టుకున్నదే, అత్తయ్యకి మాత్రం దైవ సంకల్పం. అప్పటికి గుణదల కొండ మీద మాత స్వరూపం లేదు, ఆర్లాటి ఫాదరుగారు దాన్ని పెట్టించింది 1924లో. గుంటూరులో మాత్రం 1904లోనే హాలెండు నుంచి వచ్చిన జేఎంజే (జీసస్, మేరీ, జోసెఫ్) సభ సిస్టర్లు ఉన్నారు. వాళ్ల మఠంలోనే చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ద సేక్రెడ్ హార్ట్ అయింది. పోపు బెనెడిక్ట్ 15 ఆమెకి ప్రత్యేక అనుమతి ఇచ్చారు, కన్యాస్త్రీగా ఉంటూనే డాక్టరు పని చేసుకొమ్మని. మిగతా మఠాల వాళ్లందరికీ ఆ దారి తెరుచుకుంది 1936లో. ఆ ఉత్తర్వు మీదున్న తేదీ చూడండి: ఫిబ్రవరి 11. లూర్దుమాత పండుగ రోజు.

గుంటూరుకి ఆడ డాక్టరు కొత్తేం కాదు. లూథరన్ మిషన్ తరఫున అమెరికా నుంచి 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ అప్పటికే ఇక్కడ ఆసుపత్రి నడుపుతోంది, 1930లో పోయేదాకా ఈ ఊళ్లోనే ఉంది. అంటే పదేళ్ల పాటు ఒకే ఊళ్లో ఇద్దరు దొరసాని డాక్టర్లు, వేరు వేరు సభలవాళ్లు. గుంటూరు వాళ్లు ఈ సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాలని నా అభిప్రాయం. మనవాళ్లకి మిరపకాయ ఒక్కటే గుర్తుంటుంది.

చిన్న మందుల కొట్టులాంటి డిస్పెన్సరీని ఆమె ఆసుపత్రి చేసింది. ఏళ్ల తరబడి ఆమె ఒక్కతే డాక్టరు. తెలుగు నేర్చుకుంది. పగలంతా రోగులు, రాత్రిళ్లు పిలుపులు. ఇక్కడి చెట్లూ మూలికలూ చదివి మందుల్లో వాడింది, ఇక్కడి అమ్మాయిలకే నర్సులుగా, మంత్రసానులుగా, కాంపౌండర్లుగా పని నేర్పింది. నన్నడిగితే ఆమె చేసిన అసలు పని ఈ చివరిదే. లక్షలమందికి నయం చేసిందని చెబుతారు. ఒక మనిషి రెండు చేతులతో అంతమందిని చూడలేదు, చూడగలిగే చేతుల్ని తయారుచేస్తే తప్ప. 1943లో దేశంలోని కథోలిక ఆసుపత్రులకి ఒక సంఘం పెట్టింది, దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు మన సికింద్రాబాదులో ఉంది. కథోలికులకి ఒక వైద్య కళాశాల ఉండాలన్నది ఆమె కోరిక. బెంగళూరు సెయింట్ జాన్స్ 1963లో మొదలైంది, ఆమె అప్పటికి లేదు. 1957 మే 5న అదే బెంగళూరులో కేన్సరుతో పోయింది.

ఆసుపత్రిలో మా ఆరాటం చూసి ఒక సిస్టర్ లోపలికి తీసుకెళ్లారు. గోడ మీద ఫోటో. అత్తయ్య దగ్గరికెళ్లి చాలాసేపు చూసింది. "కళ్లద్దాలు ఉన్నాయని మా అమ్మ చెప్పలేదే" అంది. అంతకు మించి ఏమీ అనలేదు, నేను ఏదో పెద్ద మాట వస్తుందనుకున్నాను.

2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారని, పునీతురాలు (సెయింట్) అయ్యే దారిలో అది తొలిమెట్టని సిస్టర్ చెప్పారు. పునీతురాలు అవ్వాలంటే ఇంకేం కావాలని అడిగాను.

"అద్భుతం కావాలమ్మా. ఆమెను వేడుకున్నందుకు ఎవరికైనా రోగం నయమవ్వాలి, మందుల వల్ల కాకూడదు. రోములో డాక్టర్లే కాగితాలన్నీ చూస్తారు. ఉన్నట్టుండి తగ్గిందా, పూర్తిగా తగ్గిందా, మళ్లీ తిరగబెట్టలేదా, దీనికి వైద్యంలో కారణం ఏదైనా ఉందా అని. ఏమీ దొరకకపోతేనే ముందుకి కదులుతుంది."

నాకు ఇది మింగుడుపడలేదు. ఆమె ముప్పై ఏళ్లకు పైగా మందుతో, కత్తితో, వేణ్ణీళ్లతో, నిద్రలేని రాత్రులతో మనుషుల్ని బతికించింది. అడ్డం తిరిగిన బిడ్డని బయటికి తీసింది. అది లెక్కలోకి రాదు. తను చదివిన చదువు పనికిరాని చోట జరిగిందే సాక్ష్యమవుతుంది. పద్ధతి పద్ధతే, కాదనను. గుణదలలో కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు కూడా అలాంటిదే అడుగుతున్నారు, నేనూ అడిగాను. కానీ నా పక్కన కర్ర పట్టుకొని నిలబడ్డ ఎనభయ్యేళ్ల మనిషి ఏ రకం సాక్ష్యమో ఆ కమిటీ వాళ్లు చెప్పాలి.

అత్తయ్యకి మాత్రం ఈ బాధ లేదు. ఆమె సందేహం వేరు. "అయితే సిస్టరూ, నేను మోకాళ్ల కోసం ఈ మదరమ్మని అడగాలంటే మాత్రలు మానెయ్యాలా? వేసుకుంటా తగ్గితే మళ్లా అద్భుతం కాదంటారేమో!"

సిస్టర్ పెద్దగా నవ్వారు. "మాత్రలు మానొద్దు మామ్మగారూ. మీరు మానేస్తే పైనుంచి ఆమే కేకలేస్తుంది. అద్భుతానికి ఇంకెవరో దొరుకుతారులెండి. కొండెక్కొచ్చారంట కదా, ముందు ఎముకల డాక్టరు గారికి చూపించుకోండి. ఓపీ పన్నెండింటి దాకా ఉంటుంది."

టైము పదకొండున్నర. చీటీ రాయించడానికి నేను కౌంటరు దగ్గరికి పరిగెత్తాను.