తేమ రాయని ముక్క

"తేమ ఎంతో రాసిపెట్టని ముక్క పొయ్యిలోకే." జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఓ వర్క్‌షాపు మేస్త్రీ మాట ఇది. సంచిలోంచి తీసిన వెనీర్ (పలచటి చెక్క పొర) భోజనం అయ్యేదాకా బల్ల మీద ఉంది, అంతే. దానికింత మాటా? మన దగ్గర వానాకాలం తలుపు ఉబ్బి బిగుసుకుంటే చిత్రిక పట్టించి ఊరుకుంటాం.

కానీ ఇక్కడి పనంతా ఆ ఉబ్బుతోనే. 2013లో ఆర్కిటెక్ట్ ఆకిమ్ మెంగెస్ బృందం కట్టిన హైగ్రోస్కిన్ మంటపంలో మోటారు లేదు, వైరు లేదు. గాలి పొడిబారితే చెక్క రెక్కలు విచ్చుకుంటాయి, తేమ పెరిగితే మూసుకుంటాయి.

కిటుకు రెండు పొరల్లో ఉంది. బీచ్ అనే చెట్టు చెక్కలో తేమ 1 శాతం మారితే నారకు అడ్డంగా దాదాపు 0.4 శాతం సాగుతుంది, నార వెంబడి దాదాపు ఏమీ ఉండదు. అందుకని నారలు ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా రెండు పొరలూ అంటిస్తే ఒకటి సాగుతుంది, ఇంకోటి పట్టి ఉంచుతుంది, రెక్క వంగుతుంది. పట్టి ఉంచే పొర పలచగా ఉండాలి. నార వెంబడి చెక్క పది రెట్లకు పైగా బిర్రు, మందమైతే అసలు కదలనివ్వదు. వెనీర్ దుంగను తిప్పుతూ ఒలిచిందే కావాలి. కేంద్రం నుంచి చీల్చిందైతే కదలిక సగమే.

రెక్క ఏ తేమలో అంటిస్తే ఆ తేమలోనే చదునుగా ఉంటుంది. వానలో మూసుకోవాలంటే గాలి తేమ 85–90 శాతం ఉన్న పెట్టెలో ఉంచి, అప్పుడే అంటించాలి. చలికాలం హీటరు వేసిన గదిలో అర మిల్లీమీటరు వెనీర్ భోజనం వేళకే ఎండి, చెక్కలోని తేమ 7, 8 శాతానికి పడిపోతుంది. అలా అంటించిన రెక్క వానొచ్చినప్పుడు లోపలికి వంగి నీళ్లకు దారిస్తుంది. మేస్త్రీ కోపం దానికే. ఫెవికాల్ లాంటి తెల్లజిగురూ పనికిరాదు, తన నీళ్లే చెక్కకు పట్టిస్తుంది. పాలియూరిథేన్ లాంటి నీళ్లు లేని జిగురు వాడాలి.

అయినా ఒక మాట. చట్రం గాడిలో పలక దించేటప్పుడు జిగురు వెయ్యని మన వడ్రంగికి ఇది తెలియకనా? ఎంత సందు వదలాలో వేలితో చూసేవాడు, కాగితం మీద రాయలేదంతే.

మచిలీపట్నంలో ఈ రెక్క పెడితే పెద్దగా కదలదు, ఏడాదంతా తేమే. హైదరాబాదులో మే నెలకీ జులైకీ తేడా బాగా ఉంది, పనిచేస్తుంది. కాకపోతే మనకు ఉక్కపోసినప్పుడే తెరుచుకోవాలి. పొడిగా ఉన్నప్పుడు అంటించి, సాగే పొర లోపలివైపు పెట్టాలి. అప్పుడు వానలోనూ తెరుచుకునే ఉంటుంది కాబట్టి పైన మూడడుగుల చూరు కావాలి. ఇక సాయంత్రం తేమ పెరిగే వేళా దోమలు వచ్చే వేళా ఒకటే. రెక్క వెనక జాలీ కూడా తప్పదు.