మోకాళ్ళలో గుజ్జు లేకుండానే నంబర్ వన్

ఆదివారం మా అపార్ట్‌మెంట్ కోర్టులో టెన్నిస్ డబుల్స్ ఆడొచ్చి మోకాలికి ఐస్ పెట్టుకుని ఇది టైప్ చేస్తున్నా. నాకు 39, గుజ్జు కాస్త అరిగింది అన్నాడు డాక్టరు. మా ఆవిడేమో "ఇంక చాల్లెండి, ఆ రాకెట్ ఎవరికైనా ఇచ్చేయండి" అంటోంది. నేను మన టెన్నిస్ ఆటగాడు రోహన్ బోపన్న పేరు చెప్పి తప్పించుకుంటున్నా.

ఆయనకైతే మోకాళ్ళలో గుజ్జే లేదంట, పెయిన్ కిల్లర్లు మింగుతూ ఆడి ఆడి, తర్వాత అయ్యంగార్ యోగా పట్టుకున్నాకే కాస్త తేరుకున్నాడు. 2021లో ఆపేద్దామనుకున్న మనిషి 2024 జనవరిలో, 43 ఏళ్ళకి, ఆస్ట్రేలియా ఆటగాడు ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ కొట్టి, నంబర్ వన్ కూడా అయ్యాడు. అంతకుముందు 2017లో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ టైటిల్ ఉందనుకోండి, కానీ మగవాళ్ళ డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్, అంటే నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి, రావడానికి 61 సార్లు ఆడాల్సొచ్చింది, 19 మంది పార్ట్‌నర్లు మారారు!

డబుల్స్‌లో పార్ట్‌నర్‌ని వెతుక్కోవడం అచ్చం సంబంధాలు చూడటమే. ఇద్దరి ర్యాంకులూ కలిపి చూసి ఎంట్రీ ఇస్తారు, అంటే అవతలివాడి ర్యాంక్ పడితే నీకూ దెబ్బే, నీది పడితే వాడు ఇంకో మంచి సంబంధం చూసుకుంటాడు, తప్పు పట్టలేం. ప్రైజ్ మనీ సింగిల్స్ కంటే తక్కువ, అదీ సగం సగం. 2010 యూఎస్ ఓపెన్ ఫైనల్లో బోపన్న, పాకిస్తాన్ ఖురేషీ రెండు సెట్లూ టైబ్రేక్‌లో (6-6 అయ్యాక సెట్ తేల్చే గేమ్‌లో) పోగొట్టుకుంది బ్రయాన్ బ్రదర్స్ మీద. వాళ్ళకేం, కవలలు, పుట్టుకతోనే పార్ట్‌నర్‌ని తెచ్చుకున్నారు.

2014లో డేవిస్ కప్‌కి, అంటే దేశాల మధ్య జరిగే టెన్నిస్ పోటీకి, బెంగళూరు కబ్బన్ పార్క్ స్టేడియంలో నేనున్నా. సెర్బియా జంట మీద లియాండర్ పేస్, బోపన్న మొదటి రెండు సెట్లు పోగొట్టేసరికి మా ఫ్రెండ్ "పదరా, భోంచేద్దాం" అని లేచాడు, నేను కదల్లేదు, అయిదో సెట్ 8-6కి గెలిచాక గొంతు పోయింది. వాడు ఇప్పటికీ ఆ మ్యాచ్ మాటెత్తితే టాపిక్ మార్చేస్తాడు.

పోయిన నవంబర్‌లో, అదే 2025లో, 45 ఏళ్ళకి రిటైర్మెంట్ చెప్పాడు బోపన్న. ఆ కబురు చూపించి మా ఆవిడతో ఇంకా ఆరేళ్ళుంది అన్నాను.

ఇంతలో పై ఫ్లోర్ అంకుల్ నుంచి మెసేజ్. మూడేళ్ళుగా నా పార్ట్‌నర్ ఆయన. వచ్చే ఆదివారం నుంచి సి బ్లాక్ కుర్రాడితో ఆడతారంట.